సగటు కుర్రాడి సౌకర్యార్థం

వీడియో గేముల కంపెనీల్లో ఒక కుర్రాడున్నాడు. జీతం లేదు, హాజరుపట్టీలో పేరు లేదు, కానీ ఏ మీటింగులోనైనా ఆఖరి మాట వాడిదే. వయసు పద్దెనిమిది దగ్గర ఆగిపోయింది. అట్ట మీద తుపాకీ లేకపోతే బెంగపెట్టుకుంటాడు. ఆడపిల్ల హీరో అయితే అలుగుతాడు. ఆమె ఒంటినిండా బట్టలుంటే అసలు పర్సే తియ్యడు. వాణ్ని ఎవరూ కళ్లారా చూడలేదు. అయినా వాడికి నచ్చదేమోనని దశాబ్దాలుగా బొమ్మలు గీస్తున్నారు, చెరిపేస్తున్నారు. మార్కెటింగు వాళ్లు వాణ్ని ముద్దుగా ‘టార్గెట్ ఆడియన్స్’ అంటారు. మన సినిమావాళ్ల ‘మాస్ ఆడియన్స్’కి మేనత్త కొడుకు వరస.

వాడికి పెట్టిన నైవేద్యాలు చూడండి. 1986లో నింటెండో ‘మెట్రాయిడ్’ తెచ్చింది. నఖశిఖపర్యంతం లోహకవచంలో ఉన్న వేటగాడు గ్రహాంతర జీవుల్ని కాల్చిపారేస్తుంటాడు. చివరికి చూస్తే వాడు కాదు, ఆమె. పేరు సేమస్. భేష్ అనబోతాం. అనకండి, ఇంకా ఉంది. మూడు గంటల్లోపు ఆట ముగిస్తే కవచం తీసేసి కనిపిస్తుంది, గంటలోపు ముగిస్తే బికినీలో కనిపిస్తుంది. మీరెంత బాగా ఆడితే ఆ తల్లికి అంత చలి.

లారా క్రాఫ్ట్ అనే ఆటల నాయిక సంగతి చెప్పనే అక్కర్లేదు. 1996 నాటి కంప్యూటర్లకి ఓపిక తక్కువ, మనిషిని లెక్కపెట్టి త్రికోణాలతో కట్టాలి. ఆ ఉన్న కాసిని త్రికోణాలూ ఎక్కడ ఖర్చుపెట్టారో బొమ్మ చూస్తే తెలుస్తుంది. ఇక కత్తియుద్ధాల ఆటల్లో ఒకే కవచం మగవాడు తొడిగితే ఇనప్పెట్టె, ఆడది తొడిగితే రెండు ఇనప చిప్పలు, ఒక గొలుసు. సహజ కవచం కర్ణుడొక్కడికే ఉందనుకున్నాం ఇన్నాళ్లూ. ఈ లోకంలో ఆడవాళ్లందరికీ చర్మమే కవచం.

వీటన్నిటికీ మకుటం 2015లో వచ్చింది. హిడియో కొజిమా తీసిన ‘మెటల్ గియర్ సాలిడ్ 5’లో క్వయట్ అనే స్నైపర్ ఉంది. అఫ్ఘానిస్తాన్ కొండలు, చుట్టూ సోవియట్ సైన్యం, ఆమె ఒంటిమీద బికినీ, చిరిగిన మేజోళ్లు. రెండేళ్ల ముందే బొమ్మ బయటికొచ్చి జనం ముక్కున వేలేసుకుంటే, దీని వెనక రహస్య కారణం ఉంది, తెలిశాక మీ మాటలకు మీరే సిగ్గుపడతారు అన్నాడాయన. సిగ్గుపడటానికి సిద్ధమై కూర్చున్నాం. కారణం ఇదీ: ఒళ్లు కాలిపోతే ఆమెకేదో పరాన్నజీవి చికిత్స చేశారట, అప్పట్నుంచీ చర్మంతోనే ఊపిరి పీలుస్తుందట, బట్టలు కడితే ఊపిరాడదట! వెనకటికొకడు నాకు పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట.

ఇదే దర్శకుడి 2004 నాటి ఆటలో ఒక తాతగారున్నాడు. వందేళ్లు దాటినవాడు, ఆయనా స్నైపరే. ఆకుల్లాగా ఎండ తిని బతుకుతాడు. ఎండ సోకాల్సిన ఒళ్లు మరి! ఆయనకి మాత్రం మెడదాకా నిండు యూనిఫాం. శాస్త్రం కూడా మనిషిని చూసి పనిచేస్తుంది కాబోలు.

బట్టలు విప్పేవాళ్ల కథ ఇది. అసలు ఆడమనిషినే పెట్టని వాళ్ల కథ ఇంకా కమ్మగా ఉంటుంది. 2014లో యూబీసాఫ్ట్ వారు ‘అసాసిన్స్ క్రీడ్ యూనిటీ’ ప్రకటించారు. ఫ్రెంచి విప్లవం, పారిస్ వీధులు, నలుగురు స్నేహితులు కలిసి ఆడుకోవచ్చు. నలుగురూ మగవాళ్లే. అదేమిటంటే, ఆడపాత్ర పెడితే యానిమేషన్లు రెట్టింపు, గొంతులు రెట్టింపు, కొత్తగా ఎనిమిది వేల కదలికలు చెయ్యాలి అన్నారు. అదే వరసలో అంతకుముందొచ్చిన ఒక ఆటకి యానిమేషన్ పనిచేసి బయటికొచ్చిన జొనాథన్ కూపర్ ఆ మాట విని, నా అంచనాలో అది ఒకటి రెండు రోజుల పని అనేశాడు. ‘ఆడ’ లేక మద్దెల ఓడన్న సామెతకి ఇంత అచ్చమైన అర్థం నేనెక్కడా చూడలేదు.

పోనీ ఆ కాలంలో ఆడ హంతకులు లేరందామా? 1793లో అదే పారిస్‌లో ఇరవైనాలుగేళ్ల షార్లెట్ కోర్డే కత్తి కొనుక్కుని, స్నానపు తొట్టిలో కూర్చున్న విప్లవ నాయకుడు మరా గుండెల్లో దింపింది. పాపం, ఆమెనెవరూ యానిమేషన్ ఖర్చెంతవుతుందని అడగలేదు. ఇంతకీ 2014 నవంబరులో ‘యూనిటీ’ విడుదలైతే, కొందరి కంప్యూటర్లలో మొహాలు మాయమై గాలిలో రెండు కనుగుడ్లు, ఒక పళ్లవరస మాత్రం మిగిలాయి. ఆడవాళ్లకి తీరిక లేదన్నవాళ్లకి మగవాళ్ల మొహాలకీ తీరిక చిక్కలేదు.

ఆ ముందు ఏడు ‘ద లాస్ట్ ఆఫ్ అస్’ అట్ట మీది ఎల్లీ అనే పిల్లని వెనక్కి తొయ్యమని ఒత్తిడొస్తే, నాటీ డాగ్ వాళ్లు ససేమిరా అన్నారు. ఆట కోటికి పైగా అమ్ముడుపోయింది. మన కుర్రాడు కిక్కురుమనలేదు.

ఆడవాళ్ల కోసం ఆట చేద్దామని బుద్ధి పుట్టినా అదే వరస. 1980లో పాక్‌మ్యాన్ సృష్టికర్త తోరు ఇవతానికి ఆడవాళ్లను ఆటల దుకాణాలకి రప్పించాలని మంచి కోరికే కలిగింది. ఆడవాళ్లకేమిష్టం? తిండి! అందుకే ఆ పసుపు ముద్ద మేస్తూ తిరుగుతుంది. రెండేళ్లకి అమెరికాలో దానికి నెత్తిన ఎర్ర రిబ్బను, పెదాలకి రంగు పెట్టి మిజ్ పాక్‌మ్యాన్ అన్నారు. చూశారా, ఎనిమిది వేల కదలికలేమీ అక్కర్లేకపోయింది.

తమాషా ఏమిటంటే, యూబీసాఫ్ట్ వారు చేతులెత్తేసిన ఆ 2014లోనే అమెరికా గేముల పరిశ్రమ సంఘం లెక్క తీసింది. అక్కడ ఆడేవాళ్లలో పద్దెనిమిది దాటిన ఆడవాళ్లు 36 శాతం, ఆ లోపు మగపిల్లలు 17 శాతం. లెక్క వాళ్లదే, వాళ్ల బల్ల మీదే ఉంది. కుర్రాడు దానిమీద కాఫీ కప్పు పెట్టుకున్నట్టున్నాడు.

నేను మాత్రం మా ఇంట్లోనే ఒక కుర్రాణ్ని పట్టాను. మా అన్నయ్య కొడుకు, ఇంజినీరింగ్ రెండో ఏడు, మార్కెటింగు వాళ్లు కలలుగనే సరుకు. ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో కెల్లీ అనే అమ్మాయి పాత్ర పెట్టుకుని ఆడుతున్నాడు.

“అమ్మాయి బొమ్మ ఎందుకురా?” అన్నాను, ఆశగా.

“ఫాస్ట్‌గా పరిగెడుతుంది బాబాయ్.”

అంతే. ఇంకేదో చెబుతాడని కాసేపు నిలబడ్డాను, తలెత్తలేదు. ఉండబట్టలేక క్వయట్ బొమ్మ చూపించి, చర్మంతో ఊపిరి కథంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆట ఆపి, శ్రద్ధగా విని, బొమ్మ పెద్దది చేసి చూశాడు.

“ముక్కుంది కదా బాబాయ్?”