కడబంతి

మన పెళ్ళిళ్ళలో ఒక పద్ధతి ఉండేది. మొదటి బంతి మగవాళ్ళకి, తర్వాతది పిల్లలకి, వడ్డించి వడ్డించి నడుములు విరిగిన ఆడవాళ్ళకి కడబంతి. అప్పటికి గారెలు అయిపోయేవి, పులుసులో ముక్కలు మాయమయ్యేవి, పెరుగు మజ్జిగయ్యేది. బఫేలొచ్చి ఆ ఆచారం మంటగలిసిందని బెంగపడేవాళ్ళు భారత క్రికెట్ వైపు ఓసారి చూస్తే మనసు కుదుటపడుతుంది.

బౌలర్ ఝులన్ గోస్వామిది పశ్చిమ బెంగాల్, నదియా జిల్లాలోని చాక్దా. తెల్లారకముందే లోకల్ రైలెక్కి 80 కిలోమీటర్ల అవతల కోల్‌కతాలో బౌలింగ్ నేర్చుకుంది. లోకల్ బండిలో నలిగిన పిల్లకి మనం ‘చాక్దా ఎక్స్‌ప్రెస్’ అని బిరుదిచ్చాం. బిరుదుకి టికెట్ ఖర్చుండదు కదా!

అసలు బౌలరంటేనే క్రికెట్ ఇంటికి కోడలు. బ్యాటరు అల్లుడు, వాడు అలిగినా అందమే. ఇక ఆడ బౌలరంటే ఉమ్మడి కుటుంబంలో చిన్నకోడలు.

2005 ప్రపంచకప్పులో ఫైనల్ దాకా వెళ్ళిన మన జట్టులో ఒక్కొక్కరికి మ్యాచ్‌కి వెయ్యి రూపాయలు ముట్టాయని కెప్టెన్ మిథాలీ రాజే తర్వాత చెప్పింది. అప్పట్లో ఆడవాళ్ళ క్రికెట్‌ది వేరుకాపురం, సంఘం వేరు, గల్లాపెట్టె ఖాళీ. 2006లో బీసీసీఐ పెద్దింట్లో కలిపేశారు. కష్టాలు తీరాయనుకున్నారు, పాపం.

ఆ ఏడాది ఆగస్టులోనే ఇంగ్లండ్‌లోని టాంటన్‌లో ఝులన్ ఒకే టెస్టులో 78 పరుగులిచ్చి 10 వికెట్లు పడగొట్టింది. ఇంగ్లండ్ గడ్డ మీద టెస్టు సిరీస్ మనదైంది. అంతటి ఘనకార్యానికి బహుమతి? మన ఆడవాళ్ళకి తర్వాతి టెస్టు 2014లో! పది వికెట్లు తీసిన పిల్ల ఎంత అలసిపోయిందో, ఎనిమిదేళ్ళు పడుకోనిద్దాం అనుకున్నట్టున్నారు. ఆ ఏడాది రెండు టెస్టులు ఆడించి మళ్ళీ 2021 దాకా దుప్పటి కప్పారు. 20 ఏళ్ళ కెరీర్‌లో ఆవిడ ఆడినవి 12 టెస్టులు. దాదాపు అంతే కాలం బంతి పట్టిన ఇంగ్లండ్ బౌలర్ జేమ్స్ ఆండర్సన్ ఆడినవి 188. ఇద్దరూ ఆఖరి అంతర్జాతీయ బంతి వేసింది లార్డ్స్‌లోనే. పోలిక అక్కడితో సరి.

వన్డేల్లో మాత్రం 255 వికెట్లు తీసింది. అన్ని తీసిన ఆడమనిషి అప్పటికి ప్రపంచంలో లేదు. వార్షిక కాంట్రాక్టు అనే విస్తరి ఆడవాళ్ళ ముందుకొచ్చింది 2015లో. పై గ్రేడుకి 15 లక్షలు. మగవాళ్ళ పై గ్రేడుకి అప్పుడు కోటి.

వీడ్కోలు ముచ్చట చెప్పకపోతే పాపం తగులుతుంది. 2022 సెప్టెంబరు 24, లార్డ్స్, ఝులన్ చివరి మ్యాచ్. ఆఖర్లో మన బౌలర్ దీప్తి శర్మ బంతి వేయబోతూ ఆగి, క్రీజు దాటిన నాన్‌స్ట్రైకర్‌ని రనౌట్ చేసింది. నిబంధనల ప్రకారమే. ఇక చూసుకోండి, వారం రోజులు ఒకటే ధర్మమీమాంస! ఇరవయ్యేళ్ళపాటు వేలకొద్దీ బంతులు వేసిన మనిషి సెలవు తీసుకుంటే, జనం మాట్లాడుకున్నది వెయ్యని బంతి గురించి.

ఆవిడ చెయ్యి కడుక్కున్న 33 రోజులకి, అక్టోబరు 27న, లడ్డూలు దిగాయి: ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ సమాన మ్యాచ్ ఫీజు! టెస్టుకి 15 లక్షలు, వన్డేకి 6, టీ20కి 3. బ్యాటింగ్‌లో టైమింగ్ అంటారే, అది నేర్చుకోవాలంటే నెట్స్‌కి కాదు, బోర్డు ఆఫీసుకి వెళ్ళాలి. పైగా లెక్క ఎంత నాజూకో చూడండి. ఫీజు సమానమే, ఆడించేది ఎవరి చేతిలో ఉంది? పదిహేను లక్షల్ని సున్నా టెస్టులతో హెచ్చవేస్తే ఎంతో మా మూడో తరగతి మనవడు కూడా చెప్తాడు. కాంట్రాక్టుల్లో మాత్రం అప్పుడు ఆడవాళ్ళ పై గ్రేడు 50 లక్షలు, మగవాళ్ళది 7 కోట్లు. ఆ మరుసటి మార్చిలో ఆడవాళ్ళ లీగ్ మొదలైంది, కోట్లలో వేలం పాటలు. ఝులన్ అందులో మెంటార్. మళ్ళీ వడ్డించే పనే.

2025 నవంబరు 2 అర్ధరాత్రి నవీ ముంబైలో మన ఆడవాళ్ళకి ప్రపంచకప్పొచ్చింది. పిల్లలు దాన్ని తీసుకెళ్ళి ఝులన్ చేతిలో పెట్టారు. ఆవిడ ఏడ్చింది. ఆ కప్పులో 14 వికెట్లు తీసిన శ్రీచరణి మా కడప జిల్లా పిల్లని తెల్లారేసరికి అందరికీ తెలిసిపోయింది. రెండున్నర కోట్లు, ఇంటిస్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించారు. ఇవ్వాల్సిందే. అంతకు ముందురోజు దాకా ఆ అమ్మాయి ఏ చేత్తో బౌలింగ్ చేస్తుందో అడిగితే మనలో ఎందరం చెప్పేవాళ్ళం?

మొన్న మా వీధి చివర ఖాళీస్థలంలో కుర్రాళ్ళు ఆడుతున్నారు. పక్కింటి పిల్ల వెళ్ళి, “అన్నా, నాకూ ఒక ఓవర్ ఇవ్వరా” అంది.

“ఇస్తాంలే, ముందు ఫీల్డింగ్ చెయ్యి” అన్నాడు వాళ్ళ కెప్టెన్.

గంటన్నర పరిగెత్తింది. బంతి మురిక్కాలవలో పడ్డప్పుడల్లా తీసింది కూడా తనే. చీకటి పడ్డాక, వికెట్లు పీకేశాక, బంతి చేతికిచ్చారు, ఇంట్లో పెట్టమని.