మ్యానిఫెస్ట్‌లో ఒక లైను

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. గుడివాడ, ఉయ్యూరు, హనుమాన్ జంక్షన్ వైపు రైసు మిల్లులకు లెక్కల ప్రోగ్రాం అమ్ముతుంది. బస్తా 75 కిలోల చొప్పున ధాన్యాన్ని క్వింటాళ్లలోకి మార్చాలి, తేమకు తరుగు తీయాలి, సొమ్ములో లక్షల దగ్గర కామా పెట్టి బిల్లు కొట్టాలి. ఇదంతా చేసేది 2009లో కట్టిన ఒకే ఒక్క జావా జార్ ఫైలు. దాని సోర్సు ఎప్పుడో పోయింది.

"రాత్రిళ్లు ఒక్కణ్ణే కూర్చుని రాశానమ్మా. ఈ ఆఫీసు దాని మీదే నిలబడింది" అని యజమాని కొత్తగా చేరినవాళ్లందరికీ చెబుతారు.

సార్వా కోతల ముందు సర్వర్ మార్చి జావా 17 వేశారు. బిల్లు రాలేదు. చేరి నెల తిరగని అమ్మాయికి ఆ పని అప్పజెప్పారు.

2017లో జావా 9తో మాడ్యూళ్లు వచ్చాయి. తన లోపలి భాగాల్లో ఏది ఎవరు ముట్టుకోవచ్చో మాడ్యూలే చెబుతుంది. పాత లైబ్రరీలు ఆగిపోకుండా కొన్నాళ్లు హెచ్చరికతో సరిపెట్టారు. 2021లో వచ్చిన జావా 17 ఆ వెసులుబాటూ తీసేసింది. ఈ జార్ బిల్లులో లక్షల కామా కోసం జావా సొంత ప్యాకేజీలోని ప్రైవేటు ఫీల్డుల్లో చెయ్యిపెడుతోంది. అక్కడే ఆగింది.

అమ్మాయి జార్‌ని డీకంపైల్ చేసి చదివింది. ఎక్కడా ఒక్క లైను ఎక్కువ లేదు. తరుగు తీశాక పైసలు మిగిలితే రైతు వైపే వేసి ఉన్నాయి.

యాడ్-ఓపెన్స్ అని ఒక ఆప్షన్ ఇచ్చి ఆ ప్యాకేజీని ఈ జార్ మాడ్యూల్ పేరు మీద తెరిచింది. బిల్లు వచ్చింది. ఇంకొక్క పని మిగిలింది. జార్ లోపల దాని వివరాలుండే మ్యానిఫెస్ట్‌లో పేరు రాయకపోతే, మాడ్యూల్ పాత్‌లో పెట్టిన జార్‌కి ఆ ఫైలు పేరునుంచే జావా మాడ్యూల్ పేరు తీసుకుంటుంది. రేపెవరైనా ఫైలు పేరు మారిస్తే మళ్లీ మొదటికొస్తుంది. అందుకని ఆటోమేటిక్-మాడ్యూల్-నేమ్ రాద్దామని మ్యానిఫెస్ట్ తెరిచింది.

అందులో బిల్ట్-బై అని ఒక లైను ఉంది. పాత మావెన్ జార్ కట్టేటప్పుడు ఆ కంప్యూటర్లో లాగిన్ అయినవాళ్ల పేరు ఎవరూ అడక్కుండానే అక్కడ రాసేది. ఉన్నది యజమాని పేరు కాదు. ఒక ఆడమనిషి పేరు, ఇంటిపేరు పొడి అక్షరంతో సహా.

ల్యాప్‌టాప్ పట్టుకుని ఆయన గదికి వెళ్లింది. ఆయన భోజనం చేస్తున్నారు. పటమటలోని ఇంటినుంచి రోజూ కారియర్ వస్తుంది.

"సార్, బిల్లు వస్తోంది. ఇదిగో, ఈ పేరు ఎవరిది?"

ఆయన కళ్లజోడు సర్దుకుని చూశారు. ముద్ద మింగి మళ్లీ చూశారు.

"ఎవరో ట్రైనీ అయ్యుంటుందమ్మా. ఇన్నేళ్లయింది, ఎక్కడ గుర్తుంటుంది? అది కొట్టేసి నా పేరు పెట్టు."

ల్యాప్‌టాప్‌కి చోటివ్వడానికి కారియర్ మూత పక్కకి జరిపారు. పెళ్లికి పుట్టింటివాళ్లు కొట్టించిన పేరు దాని మీద చుక్కలు చుక్కలుగా ఉంది, ఇంటిపేరు పొడి అక్షరంతో సహా.