ఆటకు ఏడుగురు, వేదికకు ఎందరో!

గల్ఫ్ దేశాల్లోని కేరళ ప్రవాసులు వారాంతపు రాత్రుల్లో, కృత్రిమ పచ్చిక పరిచిన అద్దె మైదానాల్లో, ఫ్లడ్‌లైట్ల వెలుగులో ఆడుకునే ‘సెవెన్స్’ అనేది జట్టుకు పదకొండుగురికి బదులు ఏడుగురే ఉండే, మలబారులో విశేషాదరణ పొందిన ఫుట్‌బాల్ రూపం. ఈ పొదుపు మైదానానికే పరిమితం కావడం వల్ల, వేదికపై ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, వారిని పరిచయం చేసే అతిథి వరుసగా ఆసీనులు కాగా, వారి పక్కన గోల్‌కీపర్ నడుమును దాటిన ట్రోఫీ కూడా ఒక కుర్చీని ఆక్రమిస్తుంది.

బంతి అందకముందే ప్రత్యర్థి రక్షణ వరుసను దాటి పొంచి ఉండటాన్ని తప్పుగా ఎంచే ఆఫ్‌సైడ్ నిబంధనను సెవెన్స్‌లో సాధారణంగా పాటించరు గనుక, బహుమతి ప్రదాన వేళ విజేతలను తోసుకుని కెమెరా ముందుకు దూకే దాతను ఆపే అధికారం రిఫరీకి ఉండదు. ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఎండలో ఆరుబయట పని చేయించడం నిషిద్ధమే గాని, తెల్లవారకముందే కంపెనీ బస్సు ఎక్కవలసిన ఆటగాణ్ణి అర్ధరాత్రి ఉపన్యాసాల కింద నిలబెట్టడాన్ని ఏ చట్టమూ నిషేధించలేదు.

వేదికను ఇలా నింపే విద్యలో తెలుగు సంఘాలూ ఎవరికీ తీసిపోవు: గోల్ కొట్టినవాడికి పతకం, కొబ్బరికాయ కొట్టినవాడికి శాలువా!