పెట్టె పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

పెట్టె తెరచి యొకటి పేర్మిఁ గైకొన్నచో
దానికన్నఁ దగ్గు దాని నిడకు
తినెడి దుంచవలదు తేమ యోర్వని దొద్దు
వ్రాసి మూసి దాచి రమ్ము మరలి

అవతారిక

జియోక్యాషింగ్ ఆటలో ఒకరు అడవిలోనో పార్కులోనో పెట్టె దాచి దాని అక్షాంశ రేఖాంశాలు ప్రకటిస్తారు. మిగిలినవారు జీపీఎస్ పట్టుకుని వెతుక్కుంటూ వస్తారు. పెట్టెలో సంతకానికి ఒక పుస్తకం, మార్పిడికి కొన్ని చిన్న వస్తువులు ఉంటాయి. ఆ వస్తువులను ఆటగాళ్లు స్వాగ్ అంటారు. పద్యానికి విషయం అవే. ఆట నియమం గనుక ఆటవెలదిలో ఇమిడింది.

పౌరులకు అందే జీపీఎస్ సంకేతంలో కావాలని కలుపుతున్న తప్పును ఆపేస్తున్నట్టు అమెరికా ప్రభుత్వం 2000 మే 1న ప్రకటించింది. అంతవరకు 100 మీటర్ల దాకా పక్కకు చూపిన యంత్రాలు ఆ రాత్రి దాటేసరికి పదీ ఇరవై మీటర్లలోకి వచ్చాయి. ఈ కొత్త కచ్చితత్వాన్ని పరీక్షించడానికి డేవ్ ఉల్మర్ మే 3న ఆరెగన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్‌ను చాలావరకు నేలలో పాతి, స్థానాన్ని ఇంటర్నెట్‌లో చెప్పాడు. అందులో పటాల సాఫ్ట్‌వేర్, వీడియోలు, పుస్తకాలు, తిండి, డబ్బు, ఒక పంగలకర్ర ఉన్నాయి. మూడు రోజుల్లో ఇద్దరు దాన్ని కనుక్కున్నారు.

ప్రతిపదార్థం

పెట్టె తెరచి = దాచిన పెట్టె మూత తీసి; ఒకటి = లోపలి వస్తువులలో ఒకదానిని; పేర్మిన్ = ఇష్టముతో; కైకొన్నచో = తీసుకొన్నట్లయితే; దానికన్నన్ = ఆ తీసుకొన్నదానికంటె; తగ్గుదానిన్ = తక్కువైనదానిని; ఇడకు = ఉంచకుము; తినెడిది = ఆహారపదార్థము; ఉంచవలదు = పెట్టరాదు; తేమ ఓర్వనిది = చెమ్మకు చెడునది; ఒద్దు = కూడదు; వ్రాసి = పుస్తకమున పేరు, తేదీ వ్రాసి; మూసి = మూత బిగించి; దాచి = మునుపటి చోటనే దాచి; మరలి రమ్ము = తిరిగి రావలెను.

తాత్పర్యం

పెట్టెలోంచి వస్తువు తీసినవారు దానికి సమానమైనదో అంతకు మించినదో ఉంచాలి. ఆహారం, చెమ్మకు పాడయ్యేవి ఉంచకూడదు. పుస్తకంలో రాసి, పెట్టెను ఉన్నచోటే దాచి రావాలి.

వ్యాఖ్య

పెట్టె. ఈ పద్యం అన్ని పెట్టెలకూ వర్తించదు. 10 మిల్లీలీటర్లకు లోబడిన నానోలో చుట్టిన కాగితపు పీలిక తప్ప ఏమీ పట్టదు. పాత కెమెరా ఫిల్ము డబ్బా వంటి మైక్రో 100 మిల్లీలీటర్లు దాటదు. వీటికి చివరి పాదం ఒక్కటే విధి. లీటరు దాకా ఉన్నది స్మాల్, లీటరు నుంచి 20 లీటర్ల దాకా రెగ్యులర్, ఆపైన లార్జ్. అమెరికా సైన్యం వాడి వదిలేసిన తూటాల పెట్టెలంటే ఆటగాళ్లకు మక్కువ ఎక్కువ. మూత అంచున రబ్బరు పట్టీ ఉండి నీటిని లోపలికి రానివ్వదు కాబట్టి. వస్తువును ఎంచుకునే ముందు పెట్టె కొలత తెలుసుకోవాలి. స్మాల్‌లో బొమ్మ ట్రక్కును కుక్కితే మూత పడదు, మూత పడకపోతే మూడో పాదంతో పని లేకుండానే అన్నీ తడుస్తాయి.

కైకొన్నచో. ఇది చేదర్థకం. తీసుకుంటేనే ఇవ్వాలి, తీసుకోనివారికి ఇచ్చే బాధ్యత లేదు. ఏమీ తీయలేదు, ఏమీ ఉంచలేదు అని పుస్తకంలో రాసి వెళ్లడం ఆటలో మర్యాదగానే చెల్లుతుంది. దానికి ఇంగ్లిషులో నాలుగక్షరాల పొడి సంకేతమే ఉంది. తీయకుండా ఉంచడం ఇంకా మేలు, దానికి ఏ పాదంలోనూ నిషేధం లేదు.

పేర్మిన్. ఇది యతి కోసం తెచ్చిన మాటే గాని దీనికి అర్థం లేదని ఆక్షేపించేవారు ఉండవచ్చు. కాని దీన్ని తీసేస్తే ఒక చిక్కు విడదు. పెట్టెలో విరిగిన బొమ్మ చెయ్యి, నానిపోయిన కూపన్ కనిపించినప్పుడు వాటిని తీసి చెత్తబుట్టలో వేసినవారు బదులు ఉంచాలా? ఇష్టంతో తీసుకున్నదానికే మార్పిడి విధించారు కాబట్టి అక్కరలేదు. చెత్త ఏరడానికి ఈ ఆటలో 2002 నుంచి ప్రత్యేకంగా ఒక కార్యక్రమమే నడుస్తోంది.

తగ్గుదాని. వ్యాఖ్యాతలకు అసలు పని ఇక్కడే. ఉల్మర్ తొలి ప్రకటనలో కొంత తీసుకోవాలని, కొంత ఉంచాలని, పుస్తకంలో రాయాలని మాత్రమే ఉంది. ఎంత ఉంచాలన్న షరతు లేదు. ఆ లెక్కన రెండో పాదం ప్రక్షిప్తం. అయితే ఈ ప్రక్షిప్తాన్ని చేర్చింది ఏ లేఖకుడి పరధ్యానమో కాదు, అనుభవం.

పెట్టె ఎలా చెడుతుందో చూస్తే ఈ సంగతి అర్థమవుతుంది. దాచిన రోజున అందులో దిక్సూచి, చిన్న టార్చి, లోహపు బొమ్మ కారు ఉంటాయి. మొదట వచ్చినవారు టార్చి తీసి తాళంచెవుల గొలుసు పెడతారు. తరవాతివారు గొలుసు తీసి రబ్బరు బంతి పెడతారు. బంతిని పట్టుకెళ్లినవారి జేబులో ఆ పూట దొరికింది సగం వాడిన పెన్ను. వీరిలో ఎవరూ దొంగలు కారు. ఒక్కొక్కరు ఒక్కొక్క మెట్టే దిగారు, అదీ తెలియకుండానే దిగారు. కొన్నాళ్లకు పెట్టెలో మిగిలేవి హాంబర్గర్ భోజనంతో ఉచితంగా వచ్చిన బొమ్మలో ఒక ముక్క, గడువు తీరిన కూపన్లు, దారిలో దొరికిన గోల్ఫ్ బంతి, ఎవరిదో విజిటింగ్ కార్డు. అప్పుడు మూత తీసినవారికి మంచి వస్తువు ఉంచడానికి మనసొప్పదు. దిగజారడం అక్కడితో ఆగక ఇంకా వేగం అందుకుంటుంది. సమానం అంటే చాలదని, మించినది అని కూడా నియమంలో చేర్చడానికి కారణం ఇదే. దిగేవారు ఎలాగూ ఉంటారు, ఎక్కించేవారు కొందరైనా ఉంటే తప్ప పెట్టె నిలవదు.

ఇక తక్కువ, ఎక్కువ దేనితో కొలవాలి? ధరతో అని పూర్వపక్షం. అలాగైతే కొత్తగా కొన్నప్పటి ధరను బట్టి గీతలు పడ్డ గోల్ఫ్ బంతి ప్లాస్టిక్ డైనోసార్ కంటే గొప్పదవుతుంది, కాని ఎనిమిదేళ్ల పిల్ల దాన్ని చేత్తో పక్కకు నెట్టి డైనోసార్‌నే పట్టుకుంటుంది. పైగా పెద్దవాళ్లలో చాలామంది సంతకం చేసి సాగిపోతారు. పెట్టెలో చెయ్యిపెట్టి వెతికేది పిల్లలు. అందువల్ల తరవాత మూత తీసేవారి ఆశే కొలమానం అన్నది సిద్ధాంతం. దీనికి ఒక సులువైన పరీక్ష ఉంది. తెచ్చిన వస్తువును లోపల ఉన్నవాటి పక్కన పెట్టి చూస్తే ముందుగా చెయ్యి దాని మీదికే పోవాలి. గోళీలు, చిన్న కార్లు, కారబైనర్ కొక్కెం, ఎనామిల్ పిన్ను, ఎల్‌ఈడీ టార్చి ఈ పరీక్షలో సాధారణంగా నెగ్గుతాయి. వాడిన పెన్ను నెగ్గదు.

విదేశీ నాణేల సంగతి ఇక్కడే చెప్పాలి. హైదరాబాద్ నుంచి వెళ్లిన కుటుంబం సంచిలో అడుగున పడి ఉన్న ఐదు రూపాయల నాణెం అమెరికాలో కొన్ని సెంట్లకు మించి చేయదు. అయినా ఆరెగన్ పిల్లవాడు దాని మీది సింహాల కోసమే దాన్ని తీసుకోవచ్చు. ఇంటినుంచి వేరే ఏదైనా ఉంచాలనుకునే తెలుగు ఆటగాళ్లకు ఏటికొప్పాక బొంగరం తగినది. అంకుడు కర్ర మీద లక్క పూత వల్ల కాస్త చెమ్మకు తట్టుకుంటుంది, గుప్పెట్లో ఇముడుతుంది, ఎలా ఆడాలో ఎవరికీ చెప్పనక్కరలేదు. అరిజోనా ఎండలో కాగే ఇనప పెట్టెకు మాత్రం దాన్ని పంపకూడదు, లక్క వేడికి మెత్తబడుతుంది. కొండపల్లి బొమ్మ చూపుకు ఎంత ముచ్చటైనదైనా తెల్లపొణికి మెత్తని చెక్క గనుక మూడో పాదం దగ్గర చిక్కుతుంది. దేవుడి ప్రతిమ ఉంచకపోవడం ఉత్తమం. తరవాతివారు దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక బురదలో వదిలేస్తే పాపం ఎవరి ఖాతాలో వేయాలో ఏ వ్యాఖ్యాతా తేల్చలేడు.

తినెడిది. ఇక్కడ ఒక విరోధం ఉంది. తొలి బకెట్‌లోనే తిండి ఉంది, అదీ ఒక చిక్కుడుగింజల డబ్బా. మూలపురుషుడి ఆచారమే నిషేధానికి ఎదురు నిలిచినప్పుడు ఏది ప్రమాణం? ఆచారం ముందుది, నిషేధం తరవాతిది గనుక పరవిధే బలవత్తరం అని సమాధానం. ఉల్మర్ బకెట్‌ను పాతిపెట్టాడు, ఈనాటి నియమాలు నేల తవ్వడాన్నీ సాధారణంగా ఒప్పవు. ఆ డబ్బా తరవాత దొరికింది, దానికి జాడ తెలిపే ట్రాకింగ్ సంఖ్య తగిలించి ఆటగాళ్ల సమావేశాల్లో దర్శనానికి పెడుతున్నారు. తినడానికి పెట్టిన వస్తువు తినకుండా మిగిలినందువల్లే పూజ్యం అయిందన్నమాట.

నిషేధానికి హేతువు వాసన. చాక్లెట్, చూయింగ్ గమ్, బిస్కెట్ పొట్లం ఎంత గట్టిగా మూసినా ఎలుగుబంటి, రకూన్, ఎలుక పసిగడతాయి. పసిగట్టిన జంతువు మూత గడియ ఎలా తీయాలో ఆలోచించదు, పళ్లతో పని కానిస్తుంది. ప్లాస్టిక్ డబ్బాలు ఇలాగే ఛిద్రమవుతాయి. కాబట్టి తినెడిది అన్నది ఉపలక్షణం, వాసన వేసే ప్రతి వస్తువునూ అందులో కలుపుకోవాలి. చందనపు సబ్బు, అగరుబత్తి కట్ట, పరిమళాల కొవ్వొత్తి, లిప్ బామ్ అన్నీ ఈ మాట కిందికే వస్తాయి. పెట్టెను పిల్లలు తెరుస్తారన్న కారణంతో మద్యం, మత్తు పదార్థాలు, కత్తులు, లైటర్లు, తూటాలు, టపాసులు కూడా నిషిద్ధం. కవి వీటిని విడిగా చెప్పలేదు, గణాలు చాలక కాబోలు. తొలి బకెట్‌లోని పంగలకర్ర ఈ జాబితాలో చేరుతుందా అన్నది వివాదాస్పదం.

తేమ యోర్వనిది. ముందుగా వ్యాకరణం. ఒద్దు అన్న రూపాన్ని పండితులు మెచ్చరు. వద్దు అంటే గణం తప్పుతుంది. ఇక విషయం. రబ్బరు పట్టీ ఉన్న పెట్టెలోకీ చెమ్మ చేరుతుంది, ఎందుకంటే వర్షంలో మూత తీసిన ప్రతిసారీ తడి గాలి లోపలికి వెళ్లి, రాత్రి చల్లబడగానే చుక్కలుగా మారుతుంది. స్టిక్కర్లు, బొమ్మల కార్డులు జిప్ సంచిలో ఉంటేనే బతుకుతాయి. పూత లేని ఇనప వస్తువు తుప్పు పట్టి పక్కనున్నవాటికి అంటిస్తుంది. బ్యాటరీలది చిత్రమైన స్థితి. చేతి జీపీఎస్ యంత్రాలతో ఆడేవారికి విప్పని ప్యాకెట్‌లోని డబుల్-ఏ బ్యాటరీలు వరం, అవే విడిగా పడేస్తే కారి పెట్టెనంతా పాడుచేస్తాయి. సబ్బు బుడగల సీసా అన్నిటికన్నా మోసకారి. పిల్లలకు ఎంతో ఇష్టం గనుక రెండో పాదంలో నెగ్గుతుంది, చలికాలంలో గడ్డకట్టి పగిలి మూడో పాదంలో ఓడుతుంది. క్రేయాన్లు చలికి ఓర్చినా ఎండకు కరుగుతాయి. తేమ అన్నచోట వాతావరణం అని చదువుకోవడమే క్షేమం.

అపవాదం. ట్రాకింగ్ సంఖ్య చెక్కిన ట్రావెల్ బగ్ అనే లోహపు బిళ్ల, జియోకాయిన్ అనే నాణెం పెట్టెలో కనిపించినా అవి మార్పిడి వస్తువులు కావు. వాటికి యజమాని ఉంటాడు, చాలావాటికి ఒక గమ్యమూ ఉంటుంది. తీసుకున్నవారు బదులు ఉంచనక్కరలేదు గాని దాన్ని మరో పెట్టెకు చేర్చి, ఆ సంగతి నమోదు చేయాలి. చేర్చే వీలు లేనివారు ముట్టుకోకపోవడమే న్యాయం. వీటన్నిటిలో దూరం వెళ్లినది 2021లో అంగారకుడి మీద దిగిన పర్సివరెన్స్ రోవర్‌లో ఉంది. షెర్లాక్ అనే పరికరాన్ని సరిచూసుకునే పలక మీద దాని ట్రాకింగ్ సంఖ్యను చెక్కారు. మరలి రమ్మన్న విధి రోవర్‌కు వర్తించదు.

వ్రాసి. వస్తువు మార్చినా మార్చకపోయినా సంతకం తప్పదు, పెట్టెను కనుక్కున్నందుకు అదే రుజువు. ఏది తీశారో ఏది ఉంచారో కూడా రాస్తే యజమానికి పెట్టె స్థితి తెలుస్తుంది. పుస్తకంతో ఉన్న పెన్సిల్ మార్పిడి వస్తువు కాదు. కొందరు అలా భ్రమపడతారు.

మూసి. జిప్ సంచి అంచు మూతకూ రబ్బరు పట్టీకీ మధ్య ఇరుక్కుంటే ఆ సందులోంచే నీరు లోపలికి పాకుతుంది. మంచి వస్తువులు కుళ్లిపోవడానికి చెడ్డ వస్తువులకన్నా ఇదే పెద్ద కారణం.

దాచి. ఉన్నచోటే, ఉన్నట్టే. అంతకన్నా మంచి చోటు తోచినా అక్కడ దాచడం యజమాని హక్కు, వచ్చినవారిది కాదు. ఆట తెలియని దారినపోయేవారిని హ్యారీ పాటర్ కథల నుంచి మాట అరువు తెచ్చుకుని మగుల్స్ అంటారు. వారు చూస్తుండగా దాచకూడదు.

మరలి. తిరిగి వచ్చాక కనుక్కున్న సంగతిని ఇంటర్నెట్‌లో నమోదు చేయాలి. ట్రావెల్ బగ్ మీది ట్రాకింగ్ సంఖ్య కనబడేలా ఫొటో పెట్టకూడదు, పెడితే ఆ బిళ్లను చూడనివారు కూడా చూశామని రాసుకుంటారు. పెట్టె పగిలినా, పుస్తకం తడిసినా, లోపల చెత్త పేరుకున్నా ఆ మాట కూడా రాస్తే యజమాని వెళ్లి బాగుచేస్తాడు.