నార్మల్ రేంజ్ వేసే సులువు మార్గం

తమ్ముడూ, ల్యాబ్ తెరిచావట, శుభం. విటమిన్ రిపోర్టులో కుడిపక్క గడిలో నార్మల్ రేంజ్ ఎంతెయ్యాలని అడిగావు. కిట్ డబ్బాలో మడతపెట్టిన కాగితం ఉంటుంది, అందులోది ఎక్కించెయ్. ఆ అంకెలు ఏ దేశంలో, ఏ కాలంలో, ఎవరి రక్తం తీసి కట్టారో మాత్రం చదవకు. అక్షరాలు మరీ చిన్నవి.

పద్ధతి ప్రకారమైతే కనీసం 120 మంది ఆరోగ్యవంతుల్ని పరీక్షించి, పైన రెండున్నర శాతం, కింద రెండున్నర శాతం వదిలేసి, మిగిలిన 95 శాతాన్ని రేంజ్ అనాలట. అంత ఓపిక లేకపోతే కిట్‌వాళ్ల రేంజ్‌నే 20 మంది మీద సరిచూడాలట. ఆరోగ్యవంతుల్ని ఎక్కడని వెతుకుతావు? నీ పేషెంట్లు లేరూ! కాళ్లు లాగుతున్నాయని వచ్చినవాళ్లనీ, వారం వారం 60,000 యూనిట్ల పొడి పాలలో కలుపుకుని తాగేవాళ్లనీ ఒకే గాటన కట్టు.

విటమిన్ డి దగ్గర కాస్త నేర్పు కావాలి. 20 నానోగ్రాములుంటే ఎముకలకు చాలని 2011లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అంది. అదే ఏడు ఎండోక్రైన్ సొసైటీ 30 ఉండాలంది. నువ్వు 30నే పట్టుకో. 20కీ 30కీ నడుమ ఉన్న వీధి వీధంతా నీ బేరమే. 2024లో ఆ సొసైటీయే 30 మాట వెనక్కి తీసుకుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఊరికే ఈ పరీక్ష వద్దని కూడా అంది. ఆ కబురు నీ చెవిన పడలేదనుకో.

లండన్ అల్లుడికి 50 వచ్చిందనీ, తనకు 22 మాత్రమే వచ్చిందనీ అత్తగారు బెంగపడుతూ వస్తుంది. అక్కడివి నానోమోల్ లెక్కలు, రెండున్నరతో భాగిస్తే అల్లుడిది 20 అని చెప్పకు. ఆవిడే నయమని తెలిస్తే మళ్లీ పరీక్షకు రాదు.

మెషీన్ మార్చినా రేంజ్ మార్చకు. జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు మింగుతున్నారా అని ఎవరినీ అడగకు. కొన్ని మెషీన్లలో వాటివల్ల డి లేనివాళ్లకూ దండిగా ఉన్నట్టు వస్తుంది. బి12 అంచున వచ్చినవాళ్లకు మిథైల్‌మలోనిక్ ఆసిడ్ చూద్దామని డాక్టరుగారు ఫోన్ చేస్తే, సిగ్నల్ లేదను.

అన్నిటికన్నా ముఖ్యం ప్యాకేజీ. 95 శాతం లెక్కన రేంజ్ కడితే, ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేయించుకున్న ఆరోగ్యవంతుల్లో నూటికి 64 మందికి ఒక్కటైనా ఎర్రగా వస్తుంది.