సారె కావిళ్లు

విజయనగరమున గంటస్తంభమునకు కూతవేటు దూరమున నివసించుచు, ముప్పదియైదు సంవత్సరములు బాలురకు సంధులు సమాసములు చెప్పి, ఇప్పుడు పింఛనుపై కాలక్షేపము చేయుచున్న నావంటివానికి కంప్యూటరుతో నేమి పనియని పాఠకులు అడుగవచ్చును. పని నాకు లేదు, ప్రభుత్వమునకు కలదు. నేను బ్రదికియున్నట్లు ఏటేట నేనే దానికి నిరూపింపవలయును. నిరూపణకు కాగితము కావలయును. కాగితమునకు ప్రింటరు, ప్రింటరునకు కంప్యూటరు, కంప్యూటరునకు ఆపరేటింగు సిస్టము, ఆపరేటింగు సిస్టమునకు మా మేనల్లుడు కావలయును. నా ప్రాణము నిలుచుటకు అన్నపానములకంటె ఈ పరంపరయే యెక్కువ యవసరమైయున్నది.

మా కళింగాంధ్రమున ఆడపిల్లను కాపురమునకు పంపునపుడు వెంట సారె పంపుట ఆచారము. చలిమిడియు, అరిసెలును, లడ్లును కావిళ్లకొలది అత్తవారింటికి చేరును. అత్తగారు వానిని వీధివీధికిని పంచి, ఎవరింట ఎంత వచ్చినదో నెలదినములు చెప్పుకొందురు. పిల్లకు మాత్రము అందులో నొక్క అరిసె తినుటకైనను తీరికయుండదు. విండోస్ అను ఆపరేటింగు సిస్టము యంత్రములోనికి కాపురమునకు వచ్చునపుడును ఇట్లే సారె వెంటబెట్టుకొని వచ్చుచున్నది. 2015 లో విండోస్ 10 వెలువడిన పిదప, లెక్కలు వ్రాసికొనుటకు యంత్రమును కొన్న పెద్దమనుష్యుని మెనూలో, మిఠాయి బిళ్లలను వరుస కూర్చెడి కాండీ క్రష్ అను ఆట ఆయన కోరకయే వచ్చి కూర్చుండెను. యంత్రమును తయారుచేసినవారు తమ వంతుగా పెట్టు సారె వేఱు. అందు ముప్పది దినములు మాత్రమే కాపలా కాచి, ముప్పదియొకటవ దినమున జీతమడుగు యాంటీవైరసులు ముఖ్యమైనవి. అరిసెలకును వీనికిని భేద మొక్కటియే: అరిసెలు పక్షము దినములలో అయిపోవును.

ఈ సారెను గుమ్మము దాటకమునుపే తగ్గించు విద్య యొకటి కలదు. సంస్థాపనకు వలయు సమస్తమును ఐఎస్ఓ ఇమేజి అను నొక్క మూటగా గట్టుదురు. ఆ మూట విప్పినచో లోపల ఇన్‌స్టాల్ డాట్ విమ్ అను మఱియొక మూట యుండును. విస్టా కాలమునుండి వాడుకలోనున్న ఈ విమ్ మూటలో హోమ్, ప్రో మొదలగు కూర్పులన్నియు వరుస సంఖ్యలతో నొకేచోట కాపురముండును. రెండు మూడు కూర్పులకు కావలసిన ఫైలును ఒక్కసారి మాత్రమే దాచి, అందఱును దానినే వాడుకొందురు. ఉమ్మడి కుటుంబమున అయిదుగురు కోడండ్రకు రోలొక్కటియే యైనట్లన్నమాట, కాని యిక్కడ తగవులు లేవు. ఈ మూటను ఒక ఫోల్డరులో మౌంటు చేసి, అక్కఱలేనివి తీసి, అక్కఱయైనవి చేర్చి, మరల ముడివేయుటకు మైక్రోసాఫ్టువారి డిస్మ్ అను ఆదేశమే యున్నది. ఆదేశములు వ్రాయు నోపిక లేనివారికి ఎక్స్‌పీ నాడు ఎన్‌లైట్, నేడు ఎన్‌టీలైట్ మొదలగు టూల్‌కిట్లు గడుల పట్టికనే చూపును. అక్కఱలేనిదాని యెదుట గుర్తు తీసివేసిన చాలును. ఓటరుల జాబితాను దిద్దువారికి ఈ పద్ధతి క్రొత్త కాదు.

ఇది వట్టి విలాసమని నేననను. కళాశాల ప్రయోగశాలలో అరువది యంత్రములున్నచో, అరువదింటను ఒకే తప్పును అరువదిసారులు దిద్దుటకంటె, అచ్చును ఒక్కసారి దిద్దుట మేలు గదా! పదునొకండవ తరమునాటినుండి ఇంటెల్ యంత్రములు పెక్కింటిలో, విండోస్ సంస్థాపన ఆరంభింపగనే, ఎదుట నున్న డిస్కు కానరాలేదని తెర చెప్పును. డిస్కు లోపము కాదది, దానిని చూచుటకు వలయు డ్రైవరు మూటలో లేకపోవుటయే. ఆ డ్రైవరును ఇమేజిలోనే చేర్చియుంచిన వాడు బుద్ధిమంతుడు. విమ్ మూట నాలుగు జీబీలు మించినచో ఫ్యాట్32 పెన్‌డ్రైవు దానిని మ్రింగజాలదని యెఱిగి, ముందుగనే ముక్కలు చేసికొన్న వాడు మఱింత బుద్ధిమంతుడు. మా మేనల్లుడు ఈ యిద్దఱి కోవలోనివాడు కాడు, ఉత్సాహవంతుడు.

2025 అక్టోబరు 14 తో విండోస్ 10 నకు సామాన్యముగా నుచిత మరమ్మతులు నిలిచినవి. విండోస్ 11 టీపీఎం 2.0 అను భద్రతాంగము లేని యంత్రమును గడప త్రొక్కనీయదు. నా యంత్రమునకు అది లేదు. "దానికేటి మావయ్యా, ఆ అడిగీవోడినే ఇమేజిలోంచి తీసీస్తాను, ఇంకెవుడడుగుతాడు?" అని వాడు పలుకగా, ప్రశ్న కుత్తరము చెప్పుటకంటె ప్రశ్నించువానిని తొలగించుట సులభమను రాజనీతి వీనికి ఈ చిన్నతనముననే ఎట్లు పట్టువడెనా యని నేను విస్మితుడనైతిని. ఒక రాత్రి యంతయు కూర్చుండి, గడులయెదుట గుర్తులు తీసి, ఉదయమున కాఫీ త్రాగుచు, "సగం పీకీసినాను. ఇప్పుడు గుర్రంలాగ పరిగెడతాది సూడు" అనెను.

పరుగెత్తెను. కాండీ క్రష్ లేదు, వాతావరణ సూచనలు లేవు, వార్తల గోల లేదు. సన్న్యాసి పర్ణశాలవలె నిర్మలముగానున్న ఆ తెరను చూచి ఆనందించి, నేను జీవించియున్నానను పత్రమును ముద్రింపబోతిని. ప్రింటరు లేదు, అనగా నది బల్లమీద నున్నది, యంత్రమునకు మాత్రము అట్టి పదార్థము లోకమున నున్నదని తెలియదు.

"ప్రింటరు ఏమాయెరా?"

"నువ్వు ప్రింటు తీస్తావని నాకేటి తెలుసు మావయ్యా? ఎవుడూ వాడడని ఆ సర్వీసు తీసీసినాను."

"తెలుగు కీబోర్డు?"

"అదీ పోనాదేటి?"

"సరే, మొదటి మూటనుండి మరల తెమ్ము."

"దాని మీదే కమిట్ కొట్టీసినాను. పెన్‌డ్రైవులో సోటు లేదని కాపీ ఉంచనేదు."

కమిట్ అనగా మార్పులను మూలముననే స్థిరపఱచుట. డిస్కార్డ్ అనగా చేసినదెల్ల విడిచి మూలమును యథాతథముగ నుంచుట. టూల్‌కిట్టు ఈ రెంటిలో నేది కావలెనని తప్పక అడుగును. ఇమేజినుండి పెఱికివేయబడిన అంగము సెట్టింగులలో వెదకిన దొరకదు. దానికొఱకు అసలు ఇమేజి మరల కావలయును. పైపెచ్చు, అంగహీనమైన సిస్టమునకు తరువాత వచ్చు అప్‌డేట్లు సయితము అనేకమారులు అతుకవు.

ఇక్కడ నాకు పొందూరు జ్ఞప్తికి వచ్చినది. శ్రీకాకుళము జిల్లాలోని ఆ యూర సన్నఖద్దరు నేయుటకు ముందు, అచటి స్త్రీలు కొండపత్తిని వాలుగచేప దవడతో దువ్వుదురు. ఆ దవడ పండ్ల వరుసయే వారి టూల్‌కిట్టు. చెత్త రాలిపోవును, పోగునకు పనికివచ్చు దూది నిలుచును. ఆ దవడలో మహిమ యేమియు లేదు. మా మేనల్లుని చేతికిచ్చినచో వాడు దూదినే దులిపివేసి, బరువు తగ్గెనని సంతోషించును. ఏది చెత్తయో, ఏది దూదియో ఆ స్త్రీల వ్రేళ్లకు తెలియును. దవడకు తెలియదు.

ఇంతకంటె పెద్ద ఇమేజిని దిద్దిన మహానుభావుడును ఆ జిల్లావాడే. 1863 లో పర్వతాలపేటయందు జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు, బడిపుస్తకమే బాలుని మెదడునకు సంస్థాపన మూట యని గుర్తించి, అందు గ్రాంథికపు బరువు తగ్గింపవలెనని జీవితాంతము పోరాడిరి. కాని వారు గడుల గుర్తులు తీసిన వారు కారు. తాము తొలగింపదలచిన గ్రాంథికమును, దానిని సమర్థించిన పండితులకంటె లోతుగ చదివి, ఆ పండితుల గ్రాంథికముననే తప్పులు చూపి, 'గద్యచింతామణి' వంటి గ్రంథములు వ్రాసిరి. తెలియని భాషను తొలగించుమనుట యట్లుండ, ఎవ్వరును పట్టించుకొనని సవర భాషను నేర్చి దానికి నిఘంటువును సమకూర్చిరి. అట్టివారికి కమిట్ మీట నొక్కు అధికారము కలదు. ఈ మాట చెప్పగా మేనల్లుడు, "మరి నీకా గ్రాంథికం ఎందుకు పోనేదు మావయ్యా?" అని యడిగెను. నా మూట గట్టినవారు డిస్మ్ పుట్టకమునుపటివారని చెప్పి ఊరకుంటిని.

దిద్దుకొనుట కెవ్వరి యనుమతియు నక్కఱలేని మూటలును కలవు. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో పలుకు ఆపరేటింగు సిస్టమును సిద్ధపఱచిరి. సీ-డాక్ వారు డెబియన్ మూలముగా బాస్ అనుదానిని కూర్చిరి. ఇవి యన్నియు ఒకరు గట్టిన మూటను మఱియొకరు విప్పి, చదివి, తమవారికి తగినట్లు మరల గట్టినవే. చదివి యను మాటను పాఠకులు గమనింపవలయును. ఎవరో విప్పి, ఏమి తీసిరో ఏమి చేర్చిరో చెప్పక, ఉచితమని పంచిపెట్టు విండోస్ మూటలను మాత్రము ఇంటికి తేకుడు. ఒకరు నమలిన తాంబూలము ఉచితముగ దొరకినను నోట పెట్టుకొనము గదా!

కడపట నేను బస్టాండు దగ్గఱ నున్న యొక నెట్ సెంటరునకు పోయి, పది రూపాయలిచ్చి, బ్రదికియున్నట్లు పత్రము ముద్రింపించుకొంటిని. ఆ యంత్రమున సారె యంతయు చెక్కుచెదరక యున్నది. దుకాణపు గుంటడు కాండీ క్రష్ ఆడుచుండెను. నా పత్రముకొఱకు ఒక్క నిముషము ఆపెను.