పరుగుకు పైకప్పు, నిలకడకు నిషేధం

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023లో ప్రారంభమైన సుమారు 23 కిలోమీటర్ల సైకిల్ బాటకు సౌర ఫలకాల పైకప్పు ఉంది కాబట్టి, ఆ మేరకు సైకిలుకు ఎండా వానా తెలియవు. అంత వైభవంగా తిరిగివచ్చిన సైకిలు ఇల్లు చేరగానే ప్రహరీకి ఆనుకుని తుప్పు పట్టడం మాత్రం పట్టణాభివృద్ధి శాస్త్రంలో దోషంగా లెక్కకు రాదు. బాటకైతే రిబ్బను కట్టవచ్చు. స్టాండుకు ఆ సౌకర్యం లేదు.

అపార్ట్‌మెంట్ల సెల్లారులో, అనగా వాహనాల కోసం భవనం అడుగున వదిలిన అంతస్తులో, కారుకు తెల్లగీతలూ ఫ్లాటు నంబరూ, స్కూటరుకు స్తంభాల సందూ దక్కగా, సైకిలుకు మెట్ల కింద పాత కూలరుకూ విరిగిన ఉయ్యాలకూ నడుమ ఆశ్రయం లభిస్తుంది. ఏటా ఒకసారి సంక్షేమ సంఘానికి శుభ్రత గుర్తుకు వచ్చినప్పుడు, వారంలోగా తొలగించని సైకిళ్లు పాత సామానుల వారికి ఇచ్చివేయబడునని లిఫ్టు పక్కన నోటీసు వెలుస్తుంది.

భద్రత విషయంలోనూ సంఘాలది ప్రత్యేక సిద్ధాంతమే. వెనుక చక్రానికి వేసే తాళం సైకిలును దొర్లనివ్వదే గాని, దొంగ భుజానికెత్తుకుంటే అభ్యంతరం చెప్పదు. ఇందుకు విరుగుడు షెఫీల్డ్ స్టాండు, అంటే రెండు కొసలూ నేలలో పాతిన వంపు ఇనుప గొట్టం. దానికి ఇరువైపులా రెండు సైకిళ్లను ఫ్రేముతో సహా గొలుసు వేసి కట్టవచ్చు. సంఘాలు మాత్రం ముందు చక్రం ఒక్కటే దూరే చువ్వల చట్రాన్ని కొని, సైకిలు ఒరిగి చక్రం వంకరపోయాక సీసీ కెమెరా పెట్టిస్తాయి. అది దొంగతనాన్ని ఆపదు, చక్కగా చిత్రీకరిస్తుంది.

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ రైల్వే స్టేషను కింద 12,500 సైకిళ్లు పట్టే మూడంతస్తుల నిలయం ఉందనీ, అందులో మొదటి 24 గంటలకు రుసుము లేదనీ చెబితే, అవి మనకు కుదిరేవా అని పెదవి విరిచేవారు ఉన్నారు. సినిమా హాలు పక్కన హ్యాండిలుకు ఒక టోకెను తగిలించి, అదే నంబరు గల మరొకటి యజమాని చేతిలో పెట్టిన సైకిల్ స్టాండును తెలుగు ఊళ్లు ఏ ఉట్రెక్ట్ నుంచీ దిగుమతి చేసుకోలేదు. 2011 జనగణన నాటికి దేశంలో దాదాపు 45 శాతం కుటుంబాలకు సైకిలు ఉండేది. తరలవలసింది మనుషులే గాని వాహనాలు కావని చాటిన 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం సైకిల్ బాటల పొడవునా నీడనూ తాగునీటినీ కూడా తలచుకుంది.

ఇంతకూ స్టాండుకు అడ్డు ఖర్చు కాదు, ఓటు. లక్ష రూపాయల సైకిలు లిఫ్టెక్కి పడకగదికి చేరుతుంది. కాపలాదారుడిదీ, పనిమనిషిదీ, పేపరు వేసే కుర్రవాడిదీ గేటు బయటే ఆగుతాయి. దీంతో సెల్లారులో సైకిళ్లే కనబడవు గనుక స్టాండు అనవసరమన్న తీర్మానం సర్వసభ్య సమావేశంలో ఏకగ్రీవంగా నెగ్గుతుంది. ఒక కారు స్థలంలో పది సైకిళ్లు పడతాయన్న లెక్క మినిట్స్ పుస్తకానికి ఎక్కదు. ఆ లెక్క తెలిసిన కాపలాదారుడు సమావేశానికి కుర్చీలు వేయడానికే అర్హుడు, చెయ్యెత్తడానికి కాదు.